తెగిన బోల్టు చెప్పే సంగతులు

ఏటా ఏప్రిల్ 15న బంగాళాఖాతంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, తూర్పు తీరమంతటా ఇదే నియమం. బందరు పక్కన గిలకలదిండిలోనూ, కృష్ణకు అవతల నిజాంపట్నంలోనూ బోట్లన్నీ ఒడ్డుకు చేరతాయి. వలలు బాగుచేసుకోవడం, బోటుకు రంగులు వేయించడం, ఇంజిన్ విప్పించడం అన్నీ ఈ రెండు నెలల్లోనే జరగాలి. పాత ఇంజిన్ విప్పేటప్పుడు తరచుగా ఎదురయ్యే గండం ఒకటుంది. పానా పెట్టి తిప్పుతుంటే బోల్టు కదిలినట్టే కదిలి టక్కున తెగుతుంది. తల చేతికొస్తుంది, కాడ ఇంజిన్ దిమ్మలోనే ఉండిపోతుంది.

బోల్టు ఖరీదు ఎంతో ఉండదు. అది ఇరుక్కున్న దిమ్మ ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ముక్కను తీయబోయి దిమ్మలోని మరలను పాడుచేస్తే, లేదా పోత ఇనుము చిట్లితే, చిన్న మరమ్మతు కాస్తా బోటును సీజను మొదట్లోనే ఒడ్డున కూర్చోబెడుతుంది. ఒడ్డున తేలని కేసులు జాతీయ రహదారి 65 మీదుగా 70 కిలోమీటర్లు ప్రయాణించి విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు చేరతాయి. లారీలకు బాడీలు కట్టడంలో, ఇంజిన్ బోరింగులో, లేత్ పనిలో దశాబ్దాలుగా పేరున్న చోటు అది. మన తీరంలో మరబోట్లకు ఎక్కువగా వాడేవి లారీ ఇంజిన్ల కుటుంబానికి చెందిన డీజిల్ ఇంజిన్లే. కాబట్టి లారీ దిమ్మలో ఇరుక్కున్న ముక్కను తీయగల చేతికి బోటు దిమ్మ కొత్తేమీ కాదు. తేడా అంతా ఉప్పుతోనే వస్తుంది.

తెగిన ముక్క ఎలా తీయాలో తెలియాలంటే, బిగించిన బోల్టు లోపల ఏం జరుగుతోందో ముందు చూడాలి. బోల్టును బిగించడమంటే నిజానికి దాన్ని సాగదీయడం. ఒక చివర తల, రెండో చివర మరలు పట్టుకుని ఉంటే మధ్యలో కాడ సాగుతుంది. తల మీద 8.8 అని అచ్చు ఉన్న 10 మిల్లీమీటర్ల బోల్టునే తీసుకుందాం. ఆ అంకెల్లో మొదటిది చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తెగదని చెబుతుంది. రెండోది, అందులో 80 శాతం చేరేసరికే అది మళ్లీ వెనక్కి రాకుండా సాగిపోతుందని చెబుతుంది. అలాంటి బోల్టును సరిగ్గా బిగిస్తే కాడలో సుమారు రెండున్నర టన్నుల లాగుడు పుడుతుంది. 50 మిల్లీమీటర్ల కాడ ఆ లాగుడుకి మిల్లీమీటరులో పదో వంతు సాగుతుంది. సిలిండర్ హెడ్డును దిమ్మకు అదిమిపెట్టి ఉంచేది ఆ పదో వంతు సాగుదలే.

పానా మీద మనం పెట్టే శ్రమలో ఈ సాగుదలకు దక్కేది దాదాపు 10 శాతం. సుమారు సగం తల కింది రాపిడికి పోతుంది, 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. ఇది శుభ్రమైన బోల్టు లెక్క. తుప్పు చేరితే మరల దగ్గర పట్టు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు పానా తిప్పిన బలం మరలను దాటి ముందుకు పోలేక కాడనే మెలిపెడుతుంది. మన 10 మిల్లీమీటర్ల బోల్టు బిగించడానికి 50 న్యూటన్ మీటర్లు సరిపోతాయి. 70, 80 దగ్గర కాడ మెలితిరిగి తెగుతుంది. పానాకు అరమీటరు పైపు తొడిగి, కొసన 15 కిలోల బలంతో లాగితే సుమారు 75 న్యూటన్ మీటర్లు వచ్చేస్తాయి. కాస్త ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు అది బలం కిందే లెక్క కాదు. బోల్టు కదలకపోతే పైపు వెతకడం మన షెడ్లలో పాతుకుపోయిన అలవాటు. చిన్న బోల్టులు ఇన్ని తెగడానికి ముఖ్య కారణం ఆ పైపేనని నా అభిప్రాయం.

ఇక తుప్పు సంగతి. ఇనుము తుప్పుగా మారినప్పుడు కనీసం రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. నీటిని కలుపుకున్న తుప్పు అయితే ఇంకా ఎక్కువ. గోడలోని ఇనుప ఊచ తుప్పు పట్టి కాంక్రీటును పగలగొట్టేది ఈ ఉబ్బుదలతోనే. బోల్టు మరలకు, రంధ్రం మరలకు మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. అక్కడ పుట్టిన తుప్పుకు బయటికి దారి లేదు. అది రెండు లోహాలనూ ఎడంగా నెడుతూ మరల గోడలకు అతుక్కుని గట్టిపడుతుంది.

గాలి ఆడని లోతులో తుప్పు ఎక్కువగా పట్టడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. సందు నోటి దగ్గర నీటిలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ అయిపోతుంది. ఈ తేడా వల్ల బయటి లోహానికీ లోపలి లోహానికీ మధ్య చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, లోపలి ఇనుము కరగడం మొదలుపెడుతుంది. ఉప్పునీరైతే అందులోని క్లోరైడు అయాన్లు ఆ సందులోకి చేరి, అక్కడి తేమను ఆమ్లంగా మారుస్తాయి. కరగడం మరింత వేగమవుతుంది. పైకి రంగు కూడా చెదరని బోల్టును లోపల తుప్పు సగానికి సగం తినేసి ఉండడానికి కారణమిదే.

కృష్ణా డెల్టాలో ఒకే నదీ ప్రాంతంలో రెండు రకాల ఇంజిన్ జీవితాలున్నాయి. ప్రకాశం బ్యారేజీ ఎగువన నది మీద తిరిగే పడవల ఇంజిన్లకూ, కాలువ గట్టున నీరు తోడే ఆయిలింజన్లకూ మంచినీటి తుప్పే సమస్య. అది నెమ్మదిగా పడుతుంది. బ్యారేజీ దిగువన వేసవిలో నది నుంచి సముద్రానికి పారే నీరు తగ్గిపోయి, పోటుతో ఉప్పునీరు మొగల గుండా పైకి ఎక్కుతుంది. నాగాయలంక, ఏటిమొగ, ఎదురుమొండి వైపు తిరిగే పడవలూ పంట్లూ ఆ నీళ్లలోనే నడుస్తాయి. పూర్వం ఈ డెల్టా కాలువల మీద సరుకు మోసిన పడవలు తెరచాపతోనో, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగితేనో కదిలేవి. ఇంజిన్ వచ్చాక ప్రయాణం వేగమైంది. దానితోపాటు ఇనుమూ ఉప్పూ వేడీ ఒకే చోట చేరాయి.

పడవ ఇంజిన్లో ఈ మూడూ కలిసే చోట్లు రెండు. మొదటిది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. రోజూ బాగా కాగి చల్లారుతూ ఉంటుంది, పైన ఉప్పు తుంపర పడుతుంటుంది. రెండోది చల్లదనానికి నీటిని తోడే పంపు. కొన్ని ఇంజిన్లలో సముద్రపు నీరే నేరుగా దిమ్మలో తిరుగుతుంది. అమెరికాలో 1947 నుంచి 1984 దాకా తయారైన అటామిక్ 4 అనే చిన్న పెట్రోలు ఇంజిన్ తెరచాప పడవలకు సుమారు 40 వేల దాకా అమర్చారు. వాటిలో చాలా వాటికి ఉప్పునీటి చల్లదనమే. నేటికీ ఆ పడవల యజమానులు హెడ్డు స్టడ్లు తెగుతాయన్న భయంతోనే ఇంజిన్ విప్పుతారు. బందరు మెకానిక్కు కష్టమూ వాళ్ల కష్టమూ ఒకటే.

లోహాలు కలగలిసిన చోట బాధ ఇంకో రకంగా ఉంటుంది. అల్యూమినియం హౌసింగులో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు బిగించి ఉప్పునీరు తగలనిస్తే, కరిగేది అల్యూమినియమే. దాని తెల్లటి పొడి మరలను పూడ్చేసి సిమెంటులా బిగుస్తుంది. సముద్రపు నీటి పంపుల్లోని ఇత్తడి మరలైతే అందులోని జింకు కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. తెగిన ఇత్తడి ముక్క పసుపు రంగు పోయి గులాబీ ఎరుపులో కనిపిస్తే ఆ లోహంలో ఇక సత్తువ లేదని తెలుసుకోవాలి. దాన్ని పట్టి తిప్పబోతే పొడిపొడిగా రాలుతుంది.

అందుకే తెగిన ముక్క దగ్గర మొట్టమొదట వాడాల్సింది టార్చిలైటు, ఆ తరువాతే డ్రిల్లు. తెగిన ముఖాన్ని తుడిచి చూడాలి. ఇది అందరూ దాటవేసే మెట్టు, తక్కిన పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

తెగిన ముఖం మీద సుడిలా ఒకే దిశలో తిరిగిన గీతలు కనిపిస్తే, విప్పేటప్పుడు మెలిపెట్టడం వల్ల తెగిందని అర్థం. అంటే మరలు గట్టిగా పట్టేసి ఉన్నాయి. ఈ ముక్కతో పని కష్టం. అలా కాకుండా ముఖంలో ఒక భాగం నున్నగా ఉండి, ఒక అంచు నుంచి మొదలైన వంపు గీతలు ఒకదాని తర్వాత ఒకటి పరుచుకుని, మిగిలిన భాగం మాత్రం గరుకుగా ఉంటే అది అలసటతో తెగిన బోల్టు. ఇంజిన్ అదురుతున్నప్పుడు లక్షల సార్లు హెచ్చుతగ్గులైన లాగుడు సన్నని పగులును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయింది. నున్నటి భాగం ఆ పగులు నడిచిన దారి. గరుకు భాగం చివరి క్షణంలో ఒక్కసారిగా తెగిన చోటు. ఇలాంటి పగులు తరచూ దిమ్మ పైతలానికి దగ్గరలో, మొదటి మర దగ్గరే పుడుతుంది. మొత్తం బరువులో సుమారు మూడో వంతు ఆ ఒక్క మర మీదే పడుతుంది కాబట్టి.

అలసటతో తెగిన ముక్క విషయంలో ఒక మంచి వార్త ఉంది. కాడ తెగగానే రెండున్నర టన్నుల లాగుడు పోయింది. లోపల తుప్పు లేకపోతే ఆ ముక్కను పట్టి ఉంచేది ఏమీ లేదు. సూదిమొన పంచుతో అంచు దగ్గర మెల్లగా తడుతూ ఎడమకు తోస్తే తిరిగి బయటికి వచ్చేస్తుంది. అలాంటి ముక్క మీదికి నేరుగా డ్రిల్లుతో వెళ్లడం దిమ్మకు అనవసరమైన ప్రమాదం తెచ్చిపెట్టడమే. పైగా అలసటతో తెగిందంటే బోల్టు వదులుగా ఉండి అదిరిందని, లేదా దాని జోడీ బోల్టులు సరిగ్గా బిగిసి లేవని సూచన. ముక్క తీసి కొత్తది వేసి వదిలేస్తే అది కూడా అలాగే తెగుతుంది. చుట్టుపక్కల బోల్టులన్నీ చూడాల్సిందే.

పట్టేసిన ముక్కకు మొదటి మందు నూనె, దాని తోడు సమయం. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టే మరల మధ్య సన్నటి సందు పల్చటి నూనెను లోపలికి లాక్కుంటుంది. ఎంత వేగంగా లాక్కుంటుందో 1921లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ వాష్‌బర్న్ లెక్క కట్టాడు. నూనె దిగే లోతు కాలంతో సమానంగా పెరగదు, కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. గంటలో 5 మిల్లీమీటర్లు దిగితే, 10 దిగడానికి నాలుగు గంటలు, 20 దిగడానికి పదహారు గంటలు కావాలి. సాయంత్రం నూనె పోసి మర్నాడు పొద్దున విప్పమని పాత మెకానిక్కులు చెప్పే మాటలో ఈ లెక్కే ఉంది. నూనె ఎంత పల్చనైతే అంత మేలు. అందుకే చిక్కటి గేర్ ఆయిల్ కన్నా కిరసనాయిలు బాగా పనిచేస్తుంది. షాపుల్లో దొరికే డబ్ల్యూడీ-40 అమెరికాలో 1953లో నీటిని తరిమి తుప్పును ఆపడానికి తయారుచేసింది. తుప్పు పట్టేసిన మరల్లోకి దిగడానికి ప్రత్యేకంగా చేసిన నూనెలు వేరే ఉన్నాయి, ఈ పనికి అవే నయం. నూనె పోశాక ముక్క తల మీద చిన్న సుత్తితో సన్నగా తట్టడం మంచిది. ఆ అదురుకు గట్టిపడిన తుప్పులో పగుళ్లు పుట్టి నూనెకు కొత్త దారులు ఏర్పడతాయి. గట్టిగా కొట్టడం మాత్రం తప్పు. ముక్క నోరు పరుచుకుని మరలను ఇంకా బిగిస్తుంది.

నూనెకు లొంగకపోతే వేడి. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం చాలామందిలో ఉంది. దిమ్మను వేడిచేస్తే లోహం ఉబ్బి రంధ్రం మూసుకుపోతుందని అనుకుంటారు. అలా జరగదు. లోహం అన్ని వైపులా ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి రంధ్రం కూడా దానితోపాటే పెద్దదవుతుంది. పోత ఇనుములో 10 మిల్లీమీటర్ల రంధ్రం 200 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు పెరుగుతుంది. తుప్పు పట్టును విడగొట్టడానికి ఆ మాత్రం చాలు. అయితే బోల్టును కాకుండా దాని చుట్టూ ఉన్న దిమ్మను కాల్చాలి. పోత ఇనుమును ఒకే చోట ఎర్రగా కాల్చినా, కాలిన దాని మీద నీళ్లు పోసినా చిట్లుతుంది. నిదానంగా వేడిచేసి నిదానంగా చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తి మైనం తాకిస్తే కరిగి మరల్లోకి దిగుతుంది. కిరసనాయిలు పోసిన చోట మంట పెట్టే ముందు మొత్తం తుడిచి ఆరబెట్టడం తప్పనిసరి. పడవ అడుగున డీజిల్ కలిసిన నీళ్లుంటే వాటిని ముందే తోడి పారేయాలి.

నా లెక్కలో అన్ని పద్ధతుల్లో ఉత్తమమైనది వెల్డింగు పద్ధతి. తెగిన ముక్క పైతలానికి సమానంగా ఉన్నా, కాస్త లోపలికి ఉన్నా దాని మీద నట్టు పెట్టి, నట్టు నడిమి రంధ్రం గుండా వెల్డింగు నింపుతారు. ముక్కకు కొత్త తల మొలిచినట్టవుతుంది. అంతకన్నా విలువైనది ఆ వేడి. ఎర్రగా కాలిన ముక్క దిమ్మ కన్నా ఎక్కువ వేడెక్కి పెరగబోతుంది. చుట్టూ చల్లని గోడ అడ్డు ఉండటంతో ఒత్తిడికి లొంగి నలుగుతుంది. చల్లారేటప్పుడు ముందున్న దానికన్నా కొంచెం సన్నబడుతుంది. అప్పుడు తుప్పు పట్టు విడుతుంది. కాస్త చల్లారాక నట్టుకు పానా పెట్టి, అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడిస్తే కదులుతుంది. మొదటిసారి నట్టు ఊడి వస్తే మళ్లీ పెట్టాలి. మూడు నాలుగు సార్లు పెట్టాల్సి రావడం మామూలే, ప్రతిసారీ ముక్క ఇంకాస్త వదులవుతుంది. వెల్డింగు మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి. లేదంటే ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు.

ముక్క లోతుగా ఉండి వెల్డింగుకు అందకపోతే డ్రిల్లు వేయాలి. ఇక్కడ అంతా కేంద్రం మీద ఆధారపడి ఉంటుంది. సరిగ్గా నడిమధ్యన పంచు గుర్తు పడకపోతే డ్రిల్లు పక్కకు జారి మెత్తటి పోత ఇనుములోకి పోతుంది, దిమ్మలోని మరలు తెగిపోతాయి. సన్నని బిట్టుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ పోవాలి. 10 మిల్లీమీటర్ల ముతక మరలకు గరిష్ఠంగా 8.5 మిల్లీమీటర్ల రంధ్రం దాకా వెళ్లవచ్చు. ఆ దశలో మిగిలేది మరల తీగ మాత్రమే, దాన్ని సన్న పంచుతో తోసి బయటికి లాగవచ్చు. ఎడమకు తిరిగే డ్రిల్లు బిట్టు దొరికితే అదే వాడాలి. డ్రిల్లు ఎడమకు తిరుగుతుంటే ముక్క పట్టు చిక్కి దానంతటదే విప్పుకుని బయటికి వచ్చేయడం తరచుగా జరుగుతుంది.

ఈజీ అవుట్ అనే పేరుతో దొరికే సూది లాంటి పనిముట్టు గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. పేరు చూసి మోసపోకూడదు. అది రంధ్రంలోకి దిగి ఎడమకు తిరుగుతూ పట్టు పడుతుంది. పట్టేసిన ముక్క దాని కన్నా గట్టిగా పట్టుకుని ఉంటుంది. గట్టి ఉక్కుతో చేసింది కాబట్టి అది వంగదు, లోపలే విరిగిపోతుంది. అప్పుడు ముక్క మీద ఇంకో ముక్క, అదీ మామూలు డ్రిల్లు బిట్టు కోయలేని ముక్క మిగులుతుంది. అక్కడి నుంచి స్పార్కు మిషను తప్ప మార్గం ఉండదు. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్, నటాలియా లజరెంకో దంపతులు విద్యుత్ మెరుపులతో లోహాన్ని చెక్కే పద్ధతి కనిపెట్టారు. ద్రవంలో ముంచిన పనిముట్టుకూ ముక్కకూ మధ్య చిన్న చిన్న మెరుపులు పుట్టి, తగిలిన చోట లోహాన్ని కరిగించి తీసేస్తాయి. ఎంత గట్టి ఉక్కయినా లెక్క లేదు. కానీ ఇంజిన్ దిమ్మను దాని దాకా మోసుకెళ్లే ఖర్చు, రోజులు వేరు. వదులుగా ఉన్న ముక్కకు ఈజీ అవుట్ పర్వాలేదు. పట్టేసిన ముక్కకు దాన్ని దూర్చకపోవడమే మేలు.

పాత ఇంజిన్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరలకు ఒక ప్రమాణం పెట్టాడు. ఆ మరల కోణం 55 డిగ్రీలు, కొలత అంగుళాల్లో. ఇప్పటి మెట్రిక్ మరల కోణం 60 డిగ్రీలు. బ్రిటిష్ లిస్టర్ ఇంజిన్ నమూనా మీద గుజరాత్ రాజ్‌కోట్‌లో తయారైన ఆయిలింజన్లు మన పొలాల్లో ఎన్నో ఉన్నాయి. వాటిలో అంగుళాల మరలే ఎక్కువ. 5/16 అంగుళం బోల్టు 8 మిల్లీమీటర్ల రంధ్రంలో రెండు చుట్లు బాగానే తిరిగి తర్వాత బిగుసుకుంటుంది. అది సరిగ్గా పట్టిందనుకుని బిగించిన వాళ్లు కొన్నాళ్లకు అదే బోల్టు తెగిందని బాధపడతారు. పాత ఇంజిన్లో ముక్క తీశాక కొత్త బోల్టు వేసే ముందు మరల గేజితో కొలవాలి. అది లేనప్పుడు పక్క బోల్టును ఆనించి చూడాలి. దిమ్మ మరలు పోయిన చోట రంధ్రాన్ని పెద్దది చేసి, స్ప్రింగు చుట్టలా ఉండే స్టీలు తీగ మరలను దింపవచ్చు. అసలు మరల కన్నా ఇవి తక్కువ బలం కావు.

ఇదంతా తప్పించుకోవాలంటే మార్గం చవకే. తిరిగి బిగించేటప్పుడు మరలకు రాగి పొడి కలిసిన గ్రీజు పూయాలి. మానిఫోల్డు స్టడ్లకు అది తప్పనిసరి. అయితే గ్రీజు రాపిడిని తగ్గిస్తుంది కాబట్టి అదే బలంతో బిగిస్తే కాడలో లాగుడు ఎక్కువైపోతుంది. నాలుగో వంతు దాకా తగ్గించి బిగించాలి. పాత బోల్టునే మళ్లీ వాడే అలవాటు మానాలి. ఒకసారి సాగి, ఉప్పు తిన్న బోల్టు ఎంతకు తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

బోటు యజమానులకు రెండు విన్నపాలు. నిషేధం చివరి వారందాకా ఆగకుండా, బోటు ఒడ్డుకు చేరిన వారంలోనే మానిఫోల్డు, నీటి పంపు బోల్టులకు నూనె పోయించండి. ఆ ఒక్క రాత్రి నానబెట్టడానికి కావాల్సిన సమయం అప్పుడే ఉంటుంది. ఇక విప్పేటప్పుడు ఎక్కడైనా బోల్టు తెగితే, చేతికొచ్చిన తలను పారేయకండి. కాగితంలో చుట్టి, ఏ రంధ్రం నుంచి వచ్చిందో దాని మీద రాసి, ఆటోనగర్ వెళ్లే దిమ్మతో పాటు మెకానిక్కుకు ఇవ్వండి. ఆ ముఖం చూస్తే ఏ పద్ధతితో మొదలుపెట్టాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.